దారి చెప్పు గుమాస్తా

మన్యపు సరిహద్దున నివసించువారికి ఇంటర్నెట్టు నెమ్మదిగా వచ్చుట క్రొత్త ఫిర్యాదు కాదు. ఖమ్మములోని బంధువు ఏ కంపెనీవద్ద ఏ వెలకు కనెక్షను పుచ్చుకొన్నాడో, భద్రాచలములోని మనవాడును ఆ కంపెనీవద్దనే ఆ వెలకే పుచ్చుకొనుచున్నాడు. అచట బొమ్మ క్షణములో తెరపైకి వచ్చును. ఇచట చక్రము తిరుగుచుండును. అడిగినచో "ఇది అడవి గదండీ, టవరు దూరము" అని కంపెనీ మనిషి సమాధానము. మరియొకమారు గట్టిగా అడిగినచో, అతడు తన ఫోనులో వేగపరీక్ష నడపి, ముల్లు పైకి ఎగయుట చూపి, కాగితముపై సంతకము పుచ్చుకొని పోవును. ముల్లు అబద్ధమాడలేదు. మన అనుభవమును అబద్ధము కాదు. ఈ రెండు సత్యములు ఒకే యింటిలో ఎట్లు ఇమిడినవో విచారింపక నింద నంతయు అడవిపై మోపుట న్యాయము కాదని నా మనవి.

ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకు ఒక సంఖ్యాచిరునామా కలదు. మనుష్యులు సంఖ్యలను జ్ఞాపకముంచుకొనజాలరు గనుక పేర్లు వాడుదురు. పేరు చెప్పినచో సంఖ్య తెలుపు ఏర్పాటునకే డి.ఎన్.ఎస్. అని వ్యవహారము. 1983లో పాల్ మొకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని కల్పించెను. అంతకుముందు పేర్లన్నియు ఒకే పట్టికలో నుండెడివి, దానిని అందరును దింపుకొనుచుండిరి. మీరొక పత్రిక పేరు తెరపై వ్రాయగానే మీ యంత్రము మొదట ఒక డి.ఎన్.ఎస్. సర్వరును అడుగును. అది సంఖ్య చెప్పిన పిమ్మటనే అసలు ప్రయాణము. ఈ సర్వరును నేను దారి చెప్పు గుమాస్తా యందును. మీకు ఈ గుమాస్తాను నియమించినది సాధారణముగా మీకు కనెక్షను అమ్మిన కంపెనీయే. అతడున్నాడని కూడ పదిమందిలో తొమ్మిదిమందికి తెలియదు.

పేరు గల వస్తువు లోకములో ఒక్కచోటనే యున్నచో ఏ గుమాస్తా నడిగినను ఒకటే జవాబు వచ్చును. కాని నేడు జనులు మిక్కుటముగా వాడు చిత్రములు, పాఠముల వీడియోలు, పత్రికల పుటలు, ఫోను ప్రోగ్రాముల క్రొత్త ప్రతులు ఒక్కచోట నుండుట లేదు. గిరిజన సహకార సంస్థవారి డిపోలను ఎరిగిన పాఠకులకు ఈ సంగతి బోధించుట సులభము. బియ్యము, ఉప్పు అంతయు ఒక్క పట్టణమున నుంచినచో కొండమీది మనిషి గతి ఏమి? కావున గ్రామములలో డిపోలు పెట్టిరి. ఇంటర్నెట్టు సరకునకును అట్టి డిపోలు కలవు. ఒకే బొమ్మ ప్రతులు నూర్ల నగరములలో నిలువచేసి, అడిగినవానికి దగ్గరి డిపోనుండి ఇత్తురు. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయపు గణితాచార్యుడు టామ్ లైటనును, ఆయన శిష్యుడు డేనియల్ లూయినును 1998లో స్థాపించిన అకమై సంస్థ ఈ వర్తకమున ఆద్యులలో నొకటి. (శిష్యుడు 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు గోపురమును ఢీకొన్న విమానములో ప్రాణములు విడిచెను. ఆ దినమున వార్తలకై లోకమంతయు ఇంటర్నెట్టు పైబడగా ఆ బరువును మోసినవానిలో అతని డిపోలును ఉండెను.)

చిక్కు ఇచట పుట్టినది. డిపో యజమాని మీ యూరు ఎట్లు తెలిసికొనును? అతని యెదుట నిలిచి అడుగువాడు మీరు కారు, మీ గుమాస్తా. గుమాస్తా ముంబయిలో కూర్చున్నచో "అడుగువాడు ముంబయివాడు" అని యెంచి ముంబయి డిపో చూపును. గుమాస్తా సింగపూరులో నున్నచో సింగపూరు డిపో చూపును. అడిగించినవాడు దుమ్ముగూడెములో నున్న సంగతి అతనికెట్లు తెలియును? హైదరాబాదు డిపోలో అదే సరకు నిండియుండగా మనవాని సరకు సముద్రము దాటి వచ్చును. గుమాస్తా దొంగ కాడు, సోమరియు కాడు. తన యూరి పేరు చెప్పెను, మన యూరి పేరు చెప్పలేదు. జరిగిన అపచారమంతయు ఇదియే.

వేగపరీక్ష మర్మమును ఇచటనే కలదు. ఆ పరీక్ష తనకు దగ్గరలోనున్న యంత్రమును తానే వెదకికొని దానితోనే పందెము వేయును. మీ వాకిటినుండి పక్క వీధివరకు బండి ఎంత వేగముగా పోవునో చూపి, మద్రాసు సరకు మీకు ఎప్పుడు చేరునో తెలిసినదనుట వంటిది ఇది.

2009 డిసెంబరులో గూగులువారు 8.8.8.8 అను సంఖ్యతో ఎవరైనను వాడుకొనదగిన గుమాస్తాను తెరచిరి. 2018 ఏప్రిలు 1న క్లౌడ్‌ఫ్లేరువారు 1.1.1.1 అను సంఖ్యతో మరియొకనిని తెరచిరి. ఇరువురును ఉచితముగనే పనిచేయుదురు. కంపెనీ గుమాస్తా చెడినప్పుడు వీరి నాశ్రయించుట పట్టణములలో వాడుకయైనది. "ఆ నాలుగు ఎనిమిదులు వేసికొమ్ము, పరుగెత్తును" అని కుర్రవాండ్రు ఒకరికొకరు మంత్రోపదేశము చేసికొనుచుందురు. కాని 2010లోనే ఐరోపా పరిశోధకులు పలు దేశముల కంపెనీలలో ఈ గుమాస్తాలను పోల్చిచూచి, కంపెనీ ఆవరణలోనే సరకు సిద్ధముగా నున్నను బయటి గుమాస్తాలు వాడుకరిని అచటికి పంపలేకపోవుచున్నారని తేల్చిరి.

దీనికి విరుగుడుగా, గుమాస్తా డిపో యజమానితో వాడుకరి చిరునామాలో కొంత భాగమును, అనగా ఇంటి నంబరు చెప్పక పేట పేరు మాత్రమే, చెప్పు పద్ధతి యొకటి బయలుదేరి 2016లో లిఖితమైనది. అకమైవారు దీనిని అమలుచేసి 2015లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, గుమాస్తాకు దూరముగా నున్న దేశములలో బయటి గుమాస్తాలను వాడు జనమునకు డిపో దూరము సగటున 8 రెట్లు తగ్గినది. సరకు దింపుకొను కాలము సగమైనది. ఇంత మేలు ఒక్క పేట పేరు చెప్పుటవలన! అయినను క్లౌడ్‌ఫ్లేరువారు పేట పేరు చెప్పుటకు ఇష్టపడరు. ఎవరు ఏ పేటనుండి ఏమి చదువుచున్నారో త్రోవపొడుగున చాటుట తగదని వారి వాదము. గూగులువారు చెప్పుదురు. క్వాడ్9 అను సంస్థవారు ఇద్దరు గుమాస్తాలను పెట్టిరి: 9.9.9.9 పేట పేరు చెప్పడు, 9.9.9.11 చెప్పును. ఈ క్వాడ్9 ఏర్పాటు పరీక్షకులకు పెన్నిధి. సంస్థ ఒకటే, తేడా పేట పేరే; రెంటిని పోల్చినచో తేడా ఎచటిదో సందేహముండదు.

ఇక దూరము చేయు హాని ఎంత? గాజుతీగెలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి ముంబయికి త్రోవ 700 కిలోమీటర్లనుకొన్న, పోయివచ్చుటకు సెకనులో వేయవవంతులు 7 పట్టును. మద్రాసునుండి సింగపూరునకు సముద్రమార్గము 3,000 కిలోమీటర్లనుకొన్న, పోయివచ్చుటకు 30. త్రోవ వంకరలును, మజిలీలును కలిసి నిజమైన లెక్క దీనికంటె ఎక్కువయే యగును, ఎన్నడును తక్కువ కాజాలదు. "ముప్పది వేయవవంతులకా ఇంత రభస?" అని నవ్వవలదు. ఒక పుట తెరచుటకు ఒక్క పర్యాయము పోయివచ్చిన చాలదు. గుమాస్తాను అడుగుట, తలుపు తట్టుట, తాళపుచెవులు మార్చుకొనుట, సరకు కోరుట అని మొదటి అక్షరము వచ్చులోపలనే మూడు నాలుగు పర్యాయములగును. పుటలోని ప్రతి క్రొత్త పేరునకును ఇదే తంతు.

మన సరిహద్దునకు ప్రత్యేకమైన కష్టము మరియొకటి కలదు, అది పట్టణమువారికి బోధపడదు. అడవిలో రేడియో అల బలహీనము; పంపిన ప్యాకెట్లలో కొన్ని దారిలో రాలిపోవుచుండును. రాలినది మరల పంపవలె ననిన, రాలినదని పంపినవానికి తెలియవలెను. తెలియుటకు ఒక రాకపోక కావలెను. కావున పూర్వపద్ధతి లెక్క ప్రకారము, నష్టము అంతే యుండి దూరము రెట్టింపైనచో వేగము సగమగును. (ఇటీవలి పద్ధతులు దీనిని కొంత మరమ్మతు చేసినవి గాని పూర్తిగా మాన్పలేదు.) ఖమ్మములో ప్యాకెట్లు అంతగా రాలవు గనుక సింగపూరు డిపోయైనను బంధువు గమనింపడు. చర్ల త్రోవలో ప్రతి రాలుడునకును సముద్రము మరల దాటవలెను. ఒకే గుమాస్తా చేసిన ఒకే పొరపాటు పట్టణమునకు చిల్లర నష్టము, మన్యమునకు మూలధన నష్టము. "అడవి గదండీ" అను మాటలో సగము నిజము గలదు. మిగిలిన సగము, అడవిలో నున్నవానికే దగ్గరి డిపో మరింత అవసరమను మాట, కంపెనీ మనిషి మింగివేయుచున్నాడు.

ఈ విషయమును మాటలతో వదలక భద్రాచలములోని ఒక పఠనమందిరమున ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో కూర్చుండి కొలిచి చూచితిని. మా మొదటి ప్రయత్నము తప్పు. చెప్పుట మేలు, ఏలన అందరును ఆ తప్పే చేయుదురు. ఏ గుమాస్తా త్వరగా జవాబు చెప్పునో దానిని కొలిచితిమి. ఒకడు మిక్కిలి చురుకుగా జవాబిచ్చెను. వానిని మెచ్చుకొని, వాని పేరు కాగితముపై మొదట వ్రాసితిమి. మరునాడు ఒక కుర్రవాడు, వాడు చెప్పిన సంఖ్య ఎచటిదో చూచునప్పటికి అది దేశాంతరపు సరకుకొట్టు. జవాబులో మిగిల్చిన కొలదిపాటి కాలమునకు అనేక రెట్లు సరకు రాకలో పోగొట్టుచుండెను. నెమ్మదివాడని మేము క్రిందకు నెట్టిన గుమాస్తాయే దక్షిణదేశపు డిపో చూపుచుండెను. చురుకుదనమునకు ఓటువేసి సత్యమును ఓడించితిమి. ఎవరు ఏ గుమాస్తాయో ఇచట వ్రాయను. అది మా కనెక్షనునకు, మా త్రోవకు సంబంధించిన ఫలితము. మీ యూరిలో తారుమారు కావచ్చును.

పద్ధతి మాత్రము అందరిదియు. కంప్యూటరులో ఎన్‌ఎస్‌లుకప్ అను ఆజ్ఞకు పేరును, గుమాస్తా సంఖ్యను కలిపి ఇచ్చినచో ఆ గుమాస్తా చెప్పు చిరునామా వచ్చును. పత్రిక ముఖపుట పేరు కాక, అందలి బొమ్మలు వచ్చు పేరును అడుగవలెను, బరువంతయు బొమ్మలదే. వచ్చిన చిరునామాలను వరుసగా వ్రాసి, ఒక్కొక్కదానికి పింగ్ అను ఆజ్ఞతో ఇరువదిమారులు పోయివచ్చు కాలము కొలువవలెను. కొన్ని యంత్రములు పింగునకు పలుకవు. అప్పుడు అదే ఫైలును ఆ చిరునామానుండియే దింపి గడియారము చూడవలెను. ఉదయము ఒకమారు, రాత్రి ఎనిమిదింటికి ఒకమారు, వారము దినములు చేయవలెను. అడిగిన జవాబును యంత్రము కొంతసేపు జ్ఞాపకముంచుకొనును గనుక రెండవసారి అడుగుట వేరు పరీక్షయని మరువరాదు. ఫోనులలో 2018నాటి తొమ్మిదవ ఆండ్రాయిడు మొదలు గుమాస్తాను మార్చుకొను వసతి కలదు. మరియొక మోసమునకు సిద్ధపడియుండుడు: కొన్ని కంపెనీలు మీరు బయటి గుమాస్తాకు వేసిన ప్రశ్నను దారిలో పట్టి తమ గుమాస్తాచేతనే జవాబిప్పించుట కలదు. గుమాస్తాలు వేరైనను జవాబులన్నియు ఎల్లప్పుడు ఒకటే యైనచో అనుమానింపుడు.

ఈ పరీక్ష అన్నిటికి తారకమంత్రము కాదు. సర్కారు కార్యాలయముల సైట్లు పెక్కు ఒక్కచోటనే యుండును. పట్టా నకలు రాకున్న గుమాస్తాను మార్చి లాభము లేదు. నావంటి వకీలు కోర్టు జాబితాకై పడిగాపులు పడుటకును గుమాస్తా కారణము కాడు. నెట్‌ఫ్లిక్సువంటివారు వీడియో పంపునప్పుడు గుమాస్తా మాట నమ్మక వాడుకరి సొంత చిరునామానే చూచి డిపో నిర్ణయింతురు. క్లౌడ్‌ఫ్లేరు డిపోలన్నింటికి సంఖ్య యొకటే. తీగెల అమరికయే దగ్గరికి చేర్చును. మరియు, సెల్లు ఫోను ప్రశ్న ఎటులను ముందు పెద్ద నగరమునకు పోయి అచటనుండి లోకములోనికి పోవును. కావున గుమాస్తా భద్రాచలములోనే యుండవలె ననుట అజ్ఞానము. మన సరకు వచ్చు త్రోవపై నున్న చాలును. 2014లో రాష్ట్రపు గీత జరిగి ఎటపాక ఆంధ్రప్రదేశమున చేరినది, భద్రాచలము తెలంగాణమున నిలిచినది. నడచి పోదగిన దూరములోని రెండూళ్లకు రెండు సచివాలయములు. తీగెకు ఆ గీతతో పనిలేదు, త్రోవతోనే పని.

కొందరు మిత్రులు దీనిని స్వదేశి విదేశి వివాదముగా చూచుచున్నారు. మన ప్రశ్నలన్నియు అమెరికా గుమాస్తాల చెవిని పడుట నాకును రుచింపదు. ఒక ఊరివారు రాత్రింబగళ్లు ఏయే పేర్లు అడుగుచున్నారో తెలిసినవానికి ఆ యూరి కడుపులోని మాట తెలిసినట్లే. ఐనను స్వదేశి యన్నంతమాత్రమున గుమాస్తా యోగ్యుడు కాడు. మన కంపెనీల గుమాస్తాలు సర్కారు ఉత్తరువుపై అబద్ధము చెప్పుటకును అలవాటుపడినవారు. సమాచార సాంకేతిక చట్టము 69ఏ సెక్షను క్రింద ఒక సైటును మూయుమని ఉత్తరువైనచో, దానిని అమలుపరచుటకు సులభోపాయము గుమాస్తాచేత తప్పు జవాబు చెప్పించుటయే. 2014 డిసెంబరులో 32 సైట్లు మూయించినప్పుడు ప్రోగ్రాములు వ్రాయువారి భాండాగారమైన గిట్‌హబ్బును, పాత గ్రంథములను దాచు ఇంటర్నెట్టు ఆర్కైవును ఆ జాబితాలో చిక్కినవి. 2009నాటి నియమములలో 16వది ఈ ఉత్తరువుల విషయమున గోప్యత పాటింపుమనుచున్నది. 2015లో సుప్రీముకోర్టువారు 66ఏ సెక్షనును కొట్టివేసిరి గాని 69ఏను నిలిపిరి. సరకు దగ్గరిదే చూపుచు, లేదనవలసినదానిని ఎవరి ఉత్తరువుపై లేదనుచున్నాడో బాహాటముగా చెప్పు స్వదేశి గుమాస్తా మనకు కావలెను. అట్టివాడు దొరకువరకు ఎవనివలన ఏ లాభమో, ఏ నష్టమో కొలుచుకొని వాడుకొనుట తప్ప గత్యంతరము లేదు.

2006లో టెలికాం నియంత్రణ సంస్థవారు బ్రాడ్‌బ్యాండునకు నియమములు చేయుచు, కంపెనీ ద్వారమునుండి దేశములోని కూడలివరకు ఆలస్యము 120 వేయవవంతులు మించరాదని, విదేశపు కూడలివరకు 350 మించరాదని విధించిరి. 2024లో క్రొత్త నియమములు వచ్చినవి. ఆలస్యమునకు హద్దు గీచుట మంచిదే. కాని కూడలివరకు త్రోవ బాగున్నంతనే సరకు ఆ కూడలినుండి వచ్చుచున్నదని అర్థము కాదు. గుమాస్తా వేరొక కూడలి చూపినచో మంచి త్రోవ మంచి త్రోవగనే ఖాళీగా పడియుండును. దేశములోని రాకపోకలు దేశములోనే మార్చుకొనుటకు 2003లో ఏర్పడిన నిక్సి సంస్థ కూడలి హైదరాబాదులోను కలదు. కాబట్టి మా కోరిక చిన్నది. ప్రతి కంపెనీయు తన గుమాస్తాలు ఏ నగరముల నున్నారో, ఆ నగరములలో ఏయే డిపోలతో కలిసియున్నదో, మూడు నెలలకొకమారు జిల్లావారీగా ప్రకటింపవలెను. ఇది వర్తకరహస్యమని వాదింతురు. బియ్యపు డిపో ఎచట నున్నదో కార్డుదారునికి చెప్పుట రహస్యమైనచో ఇదియు రహస్యమే.

2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటెను. మూడవ హెచ్చరిక 53 అడుగులకే. ఆ రాత్రులలో నీటి కొలతకొరకు, వాన మేఘముల పటముకొరకు, ఎగువ ఊళ్ల వార్తకొరకు జనులు కరకట్ట దిగువ మేడలపై ఫోనులు పట్టుకొని మేలుకొనిరి. కరెంటు పోయినప్పుడు, టవరు పడిపోయినప్పుడు ఏ గుమాస్తాయు రక్షింపజాలడు. కాని టవరు నిలిచి, అల మాత్రము పలుచబడి, ప్యాకెట్లు రాలుచున్న గంటలు కలవు గదా! ఆ గంటలలో మేఘపటము హైదరాబాదునుండి వచ్చుచున్నదా, సముద్రము దాటి వచ్చుచున్నదా అనునది పండితచర్చ కాదు.

మా పఠనమందిరమున గోడపై నొక కాగితము అంటించితిమి. నాలుగు గడులు: గుమాస్తా, చెప్పిన చిరునామా, పోయివచ్చిన కాలము, గంట. చర్ల, దుమ్ముగూడెము, బూర్గంపాడు, అశ్వాపురము పఠనమందిరములవారు, ఎటపాక మిత్రులును ఇట్టి కాగితము నొకదానిని వేసి, వచ్చు వానకాలములోపల మాకు పంపినచో, అన్నిటిని కలిపి కంపెనీలకును, నియంత్రణ సంస్థకును అర్జీతో జతపరచెదము. అర్జీ ముసాయిదా సిద్ధముగా నున్నది. అంకెల గడులు మాత్రమే ఖాళీ.